గీతకు వాయవ్యంగా రెండు వందల మీటర్లు

వాంగ్మూలం ఇచ్చినవారు: బత్తుల శాంతయ్య, తండ్రి వరప్రసాదం, వయసు 47 సంవత్సరాలు, వృత్తి బోరు మోటార్ల రిపేరు, నివాసం ఎర్రబోడుపల్లె, రాచర్ల మండలం, ప్రకాశం జిల్లా.

తేదీ 27-05-2024, సోమవారం, ఉదయం 11 గంటలు. అటవీ రేంజి అధికారి గారి ఎదుట.

నేను పదో తరగతి దాకా చదివాను. తెలుగు చదవడం, రాయడం వచ్చు. నన్ను ఇక్కడ ఎవరూ బెదిరించలేదు, ఏ ఆశా పెట్టలేదు. టీ ఇచ్చారు, తాగాను. నాకు తెలిసింది తెలిసినట్టు చెబుతున్నాను.

మీ మనసులో ఉన్న అనుమానం సంగతి మొదట చెబుతాను. పాత మ్యాపు ఉన్న మిషనుతో, గడ్డపారతో ముగ్గురు మనుషులు అడవిలో దొరికితే గుప్తనిధి కోసం వెళ్లారనే ఎవరైనా అనుకుంటారు. మీ స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మేం వెళ్లింది నిధి కోసం కాదు. మా ఊరి గొర్రెల కాపరి కాటమరాజు కోసం వెళ్లాం. ఆయన వయసు 63. నాకు వరసకు ఏమీ కాడు. చిన్నప్పటి నుంచి మామా అని పిలుస్తాను.

మీరు స్వాధీనం చేసుకున్న జీపీఎస్ మిషను నాదే. 2006 నుంచి 2009 దాకా ఒక కాలువ సర్వే పార్టీలో హెల్పరుగా పనిచేశాను. ఆ పార్టీ ఇంజనీరు సత్యానందం గారు పాత సర్వే మ్యాపులను కంప్యూటరులో పెట్టి, వాటి మీద ఉన్న బాటలు, వాగులు, బావులు ఒక్కొక్కటే దిద్ది ఈ మిషనులోకి ఎక్కించారు. అవి మా తాతల కాలంలో మనుషులు కాలినడకన తిరిగి, కొలిచి గీసిన మ్యాపులని ఆయన చెప్పేవారు. పార్టీ ఎత్తేసేటప్పుడు అద్దం పగిలిన మిషను ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆయన నా చేతిలో పెట్టి వెళ్లారు. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే ఇప్పటికీ పనిచేస్తుంది. కొత్త మ్యాపు ఎక్కించడం నాకు రాదు, ఎక్కించే ఉద్దేశం కూడా లేదు.

పదిహేనేళ్లుగా ఊరూరూ తిరిగి మోటార్లు బాగుచేసేది దీన్ని పట్టుకునే. ఫోనులో మ్యాపు తారు రోడ్డు చూపిస్తుంది. ఇది డొంకలు చూపిస్తుంది. ఎద్దుల బండ్లు నడిచిన పాత దారులవి, ఇప్పుడు చాలావాటిని కంప కమ్మేసింది. మోపెడ్ మీద డొంక పట్టుకుని పోతే అరగంట దారి పావుగంటలో అయిపోతుంది. మా ఊళ్లో దీన్ని చచ్చిన బాటల డబ్బా అంటారు. అననీ. చచ్చిందనుకున్న బాట కాళ్ల కింద తగిలినప్పుడు నా ఒళ్లు ఎలా జలదరిస్తుందో వాళ్లకు తెలియదు.

మిషనులో ఒక తేడా ఉంది. అది కూడా రాసుకోండి, ఎందుకంటే మిగతా కథంతా దాని మీదే ఉంది. పాత మ్యాపు కొలత వేరు, ఆకాశంలో నుంచి వచ్చే కొత్త కొలత వేరు. అందువల్ల మిషనులో గీత ఉన్న చోట నేల మీద బాట ఉండదు. పక్కన ఉంటుంది. ఎంత పక్కన అనేది తెలుసుకోవడానికి ఇంజనీరు గారు నాకొక పద్ధతి నేర్పారు. ముందు నీకు బాగా తెలిసిన చోట నిలబడు. మ్యాపులో ఆ చోటు ఎక్కడుందో చూడు. ఎంత జరిగిందో, ఏ దిక్కుకు జరిగిందో గుర్తుపెట్టుకో. ఆ చుట్టుపక్కల అన్నీ అంతే జరిగి ఉంటాయి. మా ఊరి చెరువు తూము మీద నిలబడి నేను ఎన్నోసార్లు చూశాను. అసలు తూము మ్యాపులో తూముకు వాయవ్యంగా రెండు వందల మీటర్లలో ఉంటుంది. మా వైపు ఏది వెతికినా గీతకు వాయవ్యంగా రెండు వందల మీటర్లు జరగాలి.

మే 18, శనివారం ఉదయం 6 గంటలకు కాటమరాజు డెబ్బై గొర్రెలతో, కుక్కతో పడమటి కొండ వైపు వెళ్లాడు. ఎప్పుడూ తాగించే కుంట ఎండిపోయింది. నీళ్లున్న చోటికి తోలుకుపోతానని భార్య రంగమ్మతో చెప్పాడట. ఎక్కడికో చెప్పలేదు. అక్కడ మేపడం తప్పా కాదా అన్నది నేను చెప్పవలసింది కాదు. ఆదివారం రాత్రికి రావలసినవాడు రాలేదు. సోమవారం తెల్లవారి గొర్రెలు వచ్చాయి, కుక్క వచ్చింది. మనిషి రాలేదు.

ఆ రోజు ఊళ్లో మగవాళ్లంతా వెతికారు. మీ వాచర్లు కూడా వచ్చారు. ఎండిన కుంట దగ్గర, మీరు జంతువుల కోసం కట్టిన నీటి తొట్ల దగ్గర, జీపు బాట వెంట వెతికారు. నేను గిద్దలూరులో మోటారు దించి సాయంత్రం 5 గంటలకు ఇంటికి వచ్చాను. మూడు రోజులు, నలభై మూడు డిగ్రీల ఎండ. నీళ్లు దొరక్కపోతే ఆ పాటికే బతికి ఉండడని వసారాల్లో కూర్చున్నవాళ్లు మెల్లగా అనుకుంటున్నారు. నాకు ఒకటే తోచింది. అతను నీళ్ల కోసం వెళ్లాడు కాబట్టి నీళ్ల దగ్గరే ఉంటాడు. మిషను తెరిచి కొండ వైపు జరిపి చూశాను. మొత్తం కొండలో ఒకే ఒక్క నీలి చుక్క ఉంది. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో మందబావి అని ఉంది. మా ఊరి నుంచి కనుమ మీదుగా దాని దాకా సన్నటి చుక్కల గీత ఉంది.

ఆ పేరు మా ఊళ్లో ఎవరి నోటా నేను వినలేదు. రంగమ్మను అడిగాను.

"అత్తా, మందబావి అని మామ ఎప్పుడన్నా అన్నాడా?"

ఆమె చెప్పింది. "మీ మామ కాదు, వాళ్ల నాయన అనేటోడు నాయనా. కనుమ అవతల బావి ఉండాది, మందలకు మందలు తాగినా తరిగేది కాదని. మేం ముసలోడి మాటలే అనుకున్యాం."

మే 21, మంగళవారం ఉదయం 5 గంటల 10 నిమిషాలకు ముగ్గురం బయల్దేరాం. నేను, రంగమ్మ, మా ఊరి ట్రాక్టరు డ్రైవరు పాల్ రాజు. అతని వయసు 35, మా చర్చిలో సంఘ పెద్ద. అనుమతి తీసుకోలేదు. అది మా తప్పు, ఒప్పుకుంటున్నాను. ఆఫీసు తెరిచే దాకా ఆగే ధైర్యం మాకు లేకపోయింది.

గడ్డపార తెచ్చింది నేనే. కంప కింద, ఆకు కింద బాట కనిపించదు. గడ్డపారతో పొడిచి చూడాలి. ఉత్త నేల అయితే దిగుతుంది. మనుషులు పేర్చిన రాయి అయితే ఖంగుమంటుంది. బాటను చెవితో వెతకడం సర్వేలో నేర్చుకున్నాను.

6 గంటల 25 నిమిషాలకు అడవి అంచు చేరాం. గీతను వదిలి వాయవ్యంగా రెండు వందల మీటర్లు కొలుచుకుని వెళ్లాను. అక్కడ ముళ్ల పొదలు తప్ప ఏమీ లేవు. పాల్ రాజు తన ఫోను తీసి చూశాడు. అందులో అంతా ఉత్త పచ్చరంగు.

"అన్నా, దీంట్లో దారే ల్యా. నువ్వు యాడికి పోతాండావు?"

నేను పొడుస్తూ పోయాను. పదకొండోసారి గడ్డపార ఖంగుమంది. ఆకులు తోశాం. నిలువుగా పాతిన రాళ్ల వరస కనిపించింది. ఎనిమిది అడుగుల అవతల ఇంకో వరస. రెండు వరసల మధ్య నేల చదునుగా ఉంది. పొదలు పైపైన అల్లుకున్నాయే గానీ కింద వంగి నడిస్తే దారి దారిలాగే ఉంది. పాల్ రాజు ఫోను జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీయలేదు.

ఒక చోట దారి నల్ల బండ మీదుగా పోతుంది. ఆ బండలో బండి చక్రాల గాడులు ఉన్నాయి, రెండు వైపులా జానెడు లోతు. నేను చెయ్యి పెట్టి చూశాను. మణికట్టు దాకా దిగింది. అడుగున నున్నగా, చల్లగా ఉంది. రాతిలో ఇంత లోతు పడాలంటే ఎన్ని బండ్లు ఎన్నేళ్లు నడవాలో నాకు అందలేదు. ఎవరు నడిచారో, ఏం మోసుకెళ్లారో, ఎందుకు మానేశారో చెప్పేవాళ్లు లేరు. మా ఊరికి ఇంత దగ్గరలో ఇది ఉంటే నాకు నలభై ఏడేళ్లు తెలియదు. ప్రార్థనలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కలిగేలాంటిది ఏదో నాకు ఆ బండ మీద కలిగింది. దీనికి కేసుతో సంబంధం లేదని మీరు అనవచ్చు. జరిగింది కాబట్టి చెప్పాను.

9 గంటల 5 నిమిషాలకు కనుమ ఎక్కాం. అక్కడ మనిషి ఎత్తు రాళ్ల కుప్ప ఉంది. మంద తోలుకుని కనుమ దాటేవాళ్లు కుప్ప మీద ఒక రాయి వేసి దాటడం మా వైపు గొర్రెల కాపర్ల ఆనవాయితీ. రాళ్లన్నీ నాచు పట్టి, నల్లబడి ఉన్నాయి. రంగమ్మ తన రాయి వెతుక్కుని కుప్ప దగ్గరికి వెళ్లి అక్కడే నిలబడిపోయింది.

"ఇట్ల రా శాంతయ్యా. ఈ పైదాన్ని చూడు."

పైన ఉన్న రాయి మీద నాచు లేదు. ఒక పక్కకు ఎర్రమట్టి ఇంకా అంటుకునే ఉంది. నేలలో నుంచి పెరికి రెండు మూడు రోజులు కూడా అయి ఉండదు.

"మీ మామ వేసిందే ఇది," అంది. ఏడవలేదు. తన రాయిని దాని పక్కన పెట్టింది. పాల్ రాజు కాసేపు తటపటాయించి, తనూ ఒకటి పెట్టాడు. నేనూ పెట్టాను. అడుగునున్న రాయి ఎవరు వేశారో దేవుడికే తెలియాలి. పైది మాత్రం మాకు తెలిసిన మనిషి వేశాడు. మధ్యలో ఉన్నవాళ్లందరూ ఇదే దారిన, ఇదే నీళ్ల కోసం వచ్చినవాళ్లు.

ఇక్కడి నుంచి నా తప్పు మొదలవుతుంది. కనుమ దిగాక బాట స్పష్టంగా ఉంది. మిషను చూసే అవసరం లేకుండా రాళ్ల వరస పట్టుకుని నడిచాం. తర్వాత ఒక ఎండు వాగులో బాట కలిసిపోయి మాయమైంది. నేను మిషను తీశాను. నీలి చుక్క దగ్గర్లోనే కనిపించింది. రాయి దొరికిన సంతోషంలో, మనిషి దొరుకుతాడన్న తొందరలో, తిన్నగా చుక్క మీదికే నడిచాను. రెండు వందల మీటర్ల సంగతి మరిచిపోయాను. పదిహేనేళ్లు ప్రతిరోజూ గుర్తున్నది ఆ రోజు మరిచిపోయాను.

10 గంటల 20 నిమిషాలకు చుక్క మీద నిలబడ్డాం. అక్కడ ఎర్ర గుట్ట, ఎండిన గడ్డి. బావి లేదు. ముగ్గురం మూడు వైపులా తిరిగాం. కాటమరాజు పేరు పెట్టి అరిచాం. గుట్టకు తూర్పున వెతికాం, దక్షిణాన వెతికాం. తెచ్చుకున్న నీళ్లు సగం అయిపోయాయి. ఒంటి గంట దాటింది. పాల్ రాజు గొంతు పోయింది.

"అన్నా, నీ డబ్బా మనల్నే తిప్పుతాంది. ఎనక్కి పోయి మనుషుల్ని తెద్దాం పా."

నేను కూడా అదే అనుకున్నాను. బావి పూడిపోయి ఉంటుందన్నాను. రంగమ్మ ఒక రాయి మీద కూర్చుని ఉంది. కోపంగా అంది:

"నీళ్లు ల్యాని చోట బావి ఉండాదని ఎవురన్నా గీస్తారా నాయనా? ఇంత దూరం నడిచొచ్చినోళ్లు ఉత్తగా గీయరు. వాళ్లు సరింగానే గీసినారు. నువ్వే యాడో తప్పు చూస్తాండావు."

ఆమెకు చదువు లేదు. మ్యాపు అంటే ఏమిటో అంతకు ముందు రోజే చూసింది. ఆమె ఆ మాట అనగానే నాకు తూము గుర్తొచ్చింది. సిగ్గుతో ముఖం కాలిపోయింది. వాయవ్యానికి తిరిగి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. మేం మూడు గంటలు ఇవతలే తిరిగిన గుట్టను ఎక్కి అవతలికి దిగాను. అటు పక్క మేం ఒక్కసారి కూడా వెళ్లలేదు.

కింద నేరేడు చెట్లు ఉన్నాయి. మే నెలలో, ఆ కొండలో, ఆకు రాలకుండా పచ్చగా ఉన్నాయి. వాటి మధ్య నేలకు సమంగా రాతి దిగుడుబావి ఉంది. మ్యాపులో చుక్క ఎంత గుండ్రంగా ఉందో బావి అంత గుండ్రంగా ఉంది. కింద నీళ్లు ఉన్నాయి. టైము 1 గంట 35 నిమిషాలు.

కాటమరాజు నాలుగో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. శనివారం సాయంత్రం మెట్టు రాయి పక్కకు ఒరిగి అతని ఎడమ చీలమండ దాని కింద పడింది. నీళ్లు అతని చేతికి అందవు. తువ్వాలును కర్రకు కట్టి నీళ్లలోకి దించి, పైకి లాగి, నోట్లోకి పిండుకుంటూ మూడు రోజులు బతికాడు.

రంగమ్మ గట్టు మీద నిలబడి కిందికి చూసి మామూలుగా అడిగింది. "ఏందయ్యా, ఇంటికి రావా?"

అతను తలెత్తి చూశాడు. గొంతు సరిగా రాలేదు. "కాలు రానియ్యలే," అన్నాడు.

గడ్డపారతో రాయిని లేపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ గడ్డపార మెట్టుకు తప్ప ఆ బావిలో మరి దేనికీ తగల్లేదు. పాల్ రాజు సిగ్నలు కోసం కనుమ మీదికి వెళ్లి ఫోను చేశాడు. మీ సిబ్బంది దుప్పటి, కర్రలు తెచ్చి మాతో పాటు మోశారు. సాయంత్రం 7 గంటలకు జీపు దగ్గరికి చేరాం. మీ జీపులోనే అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. వాళ్లకు మా నమస్కారాలు. మిషను, గడ్డపార స్వాధీనం చేసుకున్నది కూడా అక్కడే. ఆ మాటా నిజమే.

మోయడానికి మనుషులు వచ్చేలోపు నేను ఆ నీళ్లు తాగాను. తియ్యగా ఉన్నాయి. మెట్టు మీద కూర్చుని మిషను చూశాను. నీలి చుక్క నాకు ఆగ్నేయంగా రెండు వందల మీటర్లలో ఉంది. మా చెరువు తూము దగ్గర ఎంతో సరిగ్గా అంతే. వందేళ్ల కిందట ఎవరో ఒక మనిషి, పేరు తెలియదు, ఊరు తెలియదు, చెప్పులు అరిగేలా ఈ కొండెక్కి ఈ బావి చూసి కాగితం మీద చుక్క పెట్టాడు. తప్పు పెట్టలేదు. ఆ చుక్క కాగితం దాటి, కంప్యూటరు దాటి, నా జేబులోకి వచ్చి ఒక మనిషిని బతికించింది. దీన్ని ఏమనాలో నాకు తెలియదు. తెలిస్తే చెప్పేవాణ్ణి.

కాటమరాజు ఎడమ కాలు చీలమండ పైదాకా తీసేశారు. మూడు గంటలు ముందు వస్తే కాలు నిలిచేదా అని డాక్టరును అడిగాను. మొదటి రోజే పాడైపోయింది, మూడు గంటలతో సంబంధం లేదన్నారు. నిన్న ఆసుపత్రిలో కాటమరాజుకు కూడా నా తప్పు చెప్పాను. చుక్క మీద నిలబడి మూడు గంటలు ఊరికే తిరిగానన్నాను. అతను అన్న మాట ఇది:

"మీ అరుపులు ఇనపడతానే ఉన్యాయి నాయనా. నా గొంతే మీకు రాల్యా. మూడు దినాలు ఒక ఎత్తు, ఆ మూడు గంటలు ఒక ఎత్తు. మనుషులు వచ్చినారని తెలిసినాక నాకు బయం ల్యా."

అతను అలా అన్నాడని నా తప్పు పోదు.

గడ్డపార మీ దగ్గరే ఉంచుకోండి, అలాంటివి ఇంకా ఉన్నాయి. మిషను గురించి రెండు మాటలు. దాన్ని బీరువాలో పెట్టేముందు సెల్లులు తీసేయండి. వేసవిలో అవి కారి లోపల తినేస్తాయి. రెండోది, అందులో ఏదీ చెరపకండి. అది మనం నడిచిన దారిని కూడా గీసుకుంటుంది. తెరిచి చూస్తే ఊరి నుంచి మందబావి దాకా పాత చుక్కల గీత కనిపిస్తుంది, దాని పక్కనే మొన్న మేం నడిచిన కొత్త గీత కనిపిస్తుంది. ఎంత వంపుకు అంత వంపు, రెండూ చివరిదాకా ఒకే ఎడంలో పోతాయి. గుట్ట దగ్గర మాత్రం కొత్త గీత చిక్కుపడి ఉంటుంది. అది నేను తిరిగిన మూడు గంటలు. అది కూడా ఉండనివ్వండి.

ఈ కాగితం రాస్తూ ఆ మూడు గంటల సంగతి కేసుకు అవసరం లేదు, తీసేద్దామని తమరు దయతో అన్నారు. వద్దన్నాను. చుక్క పెట్టినాయన తను చూసింది చూసినట్టు గీశాడు కాబట్టే మాకు మనిషి దొరికాడు. నేను చెప్పింది కూడా అలాగే ఉండాలి. పైన రాసిందంతా నాకు చదివి వినిపించారు. జరిగింది జరిగినట్టే ఉంది, ఎక్కువ లేదు, తక్కువ లేదు. మూడు గంటలు అందులో ఉన్నాయని చూసుకున్న తర్వాతే సంతకం పెడుతున్నాను.

(సంతకం) బత్తుల శాంతయ్య

సాక్షి: రంగమ్మ, భర్త కాటమరాజు. విని, అవునని ఎడమ బొటనవేలి ముద్ర వేసింది.